కొత్త మోటారు బిగించినా పూల్ పంపు పావుగంటకే ఆగిపోతోంది

ప్రశ్న (చాండ్లర్, అరిజోనా):
సభ్యులందరికీ నమస్కారం. మేము ఈ మార్చిలోనే హైదరాబాదు నుంచి వచ్చి, వెనుక ఈతకొలను ఉన్న ఒక పాత ఇల్లు కొనుక్కున్నాము. కొలను పంపు మోటారు బేరింగులు కీచుమంటుండటంతో, పాతదాని ప్లేటు చూసి, అదే ఒక హార్స్ పవర్ మోటారును తెప్పించి నేనే మార్చాను. కొత్తది చక్కగా మొదలవుతుంది, నీటిని బాగానే లాగుతుంది. కాని పదిహేను ఇరవై నిమిషాలకు దానంతట అదే ఆగిపోయి, అరగంట తరువాత మళ్ళీ తిరుగుతుంది. బ్రేకరు పడటం లేదు. పంపుకూ మోటారుకూ నడుమ సన్నగా నీరు కూడా కారుతోంది. దీన్ని వెనక్కు పంపేయమంటారా?

మొదటి జవాబు:
నమస్కారమండీ. అప్పుడే పంపకండి. బ్రేకరు పడకుండా మోటారు ఆగి, చల్లారిన తరువాత మళ్ళీ తిరుగుతున్నదంటే, దాని లోపలి థర్మల్ ఓవర్‌లోడ్ రక్షణ (మరీ వేడెక్కితే మోటారును ఆపేసే ఏర్పాటు) సక్రమంగానే పనిచేస్తున్నదని అర్థం. వేడి ఎందుకు పుడుతున్నదో చూడాలి.

ముందు వోల్టేజి చూడండి, దానికి ఖర్చేమీ లేదు. ఇలాంటి మోటార్లలో చాలావాటిని 115 వోల్టులకు గాని 230 వోల్టులకు గాని మార్చుకోవచ్చు. వెనుక మూత కింద చిన్న ప్లగ్గో, తిప్పే మీటో ఉంటుంది. 230కి పెట్టిన మోటారుకు 115 వోల్టులే అందితే అది మూలుగుతూ సరిగా తిరగదు. 115కు పెట్టినదానికి 230 ఇస్తే వైండింగు కాలిపోతుంది. మూత విప్పేముందు ఒక్క మాట. మన ఊళ్ళో 230 వోల్టులంటే ఒక ఫేజు, ఒక న్యూట్రల్. ఇక్కడ 240 వోల్టుల లైనులో రెండు తీగలూ ఫేజులే, ఒక్కొక్కదానిలో 120 వోల్టులు ఉంటాయి. అందువల్ల టైమరు ఆపి ఊరుకోకుండా, జంట బ్రేకరునే ఆపి, మీటరుతో రెండు తీగలనూ పరీక్షించిన తరువాతే చెయ్యి పెట్టండి. కరెంటు ఆపినా కండెన్సరులో చార్జి మిగిలి ఉంటుందని కూడా మరువవద్దు.

అయితే నా అనుమానమంతా మీరు వ్రాసిన 'అదే ఒక హార్స్ పవర్' అన్న మాట మీదనే ఉంది. ఇక్కడి పూల్ మోటార్లను హార్స్ పవర్ చూసి కొంటే మోసపోతాము, ఎందుకంటే ప్లేటు మీద దాని పక్కనే ఎస్.ఎఫ్. అని సర్వీస్ ఫ్యాక్టర్ ఉంటుంది. ఆ రెండింటినీ గుణిస్తే వచ్చేదే మోటారు మోయగలిగిన అసలు భారం. పాతదాని ఎస్.ఎఫ్. 1.65, కొత్తదానిది 1.25 అయితే, రెండింటి మీదా 'ఒక హార్స్ పవర్' అనే ఉన్నా అవి సమానం కావు. మీరు ఇంపెల్లరు (పంపులో తిరుగుతూ నీటిని నెట్టే చక్రం) మార్చలేదు, వేగమూ నిమిషానికి అదే 3450 చుట్లు, కనుక అది అడిగే శక్తి ఏమాత్రం తగ్గలేదు. బండి బరువు అలాగే ఉండి ఎద్దు చిన్నదయిందన్నమాట. పంపు నడుస్తుండగా క్లాంప్ మీటరుతో ఒక తీగ మీద ఆంపియర్లు కొలిచి, ప్లేటు మీది ఎస్.ఎఫ్.ఏ. అంకెతో (సర్వీస్ ఫ్యాక్టర్ భారం వద్ద మోటారు తీసుకునే ఆంపియర్లు) పోల్చండి. దానిని దాటితే కారణం దొరికినట్టే. ఎండకు కాపాడుదామని మోటారుకు గోనెసంచో ప్లాస్టిక్ తొడుగో చుట్టేవాళ్ళను ఫీనిక్స్ చుట్టుపక్కల చూశాను. గాలి రంధ్రాలు మూసుకుంటే మంచి మోటారు కూడా ఇలాగే ఆగుతుంది.

రెండవ జవాబు:
నీటి కారుడు సంగతి నేను చెబుతాను. మోటారు మార్చినప్పుడు, ఇరుసు వెంట నీరు బయటికి రాకుండా ఆపే షాఫ్ట్ సీలు కూడా కొత్తది వేయాలి. పాతదానిని తీసి మళ్ళీ బిగిస్తే కారుతుంది. కొత్త సీలు సిరామిక్ ముఖాన్ని వేలితో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు దానికి పడదు. అక్కడ కారిన నీరు షాఫ్టు వెంట ముందు బేరింగులోకి పోతుంది, మీ పాత మోటారు కీచుమనడానికి కూడా బహుశా అదే కారణం. పొలంలో మోనోబ్లాక్ పంపుకు బిందెతో నీళ్ళు పోసి మోటారు వేసినట్టే, ఇక్కడా పంపు ముందు చెత్త పట్టే బుట్ట ఉండే గిన్నెను నీటితో నింపి, మూత బిగించి మొదలుపెట్టండి. నీరు లేకుండా తిప్పితే సీలు నిమిషాల్లో పాడవుతుంది.

ఇంకొకటి, మోటారు ఒంటికి బయట బిగించే లావుపాటి వట్టి రాగి తీగ ఒకటి ఉంటుంది. ఆకుపచ్చ ఎర్తు తీగ ఉన్నది కదా అని దానిని వదిలేసేవారు ఉన్నారు. కొలను చుట్టూ ఉన్న లోహమంతటినీ ఒకే పొటెన్షియల్‌లో ఉంచేది అదే, లేకపోతే నీళ్ళలో ఉన్నవారికి షాకు తగిలే ప్రమాదం ఉంది. దానిని బిగించేవరకు పిల్లలను కొలనులోకి దింపకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. వోల్టేజి సరిగానే ఉంది. పాత ప్లేటు మీద ఎస్.ఎఫ్. 1.65, కొత్తదాని మీద 1.25 అని ఉన్నాయి, ఆంపియర్లు ఎస్.ఎఫ్.ఏ. కంటే దాదాపు రెండు ఎక్కువ వచ్చాయి. సీలు పాతదే వాడాను, రాగి తీగ మోటారు వెనుక నేల మీద పడి ఉంది. ఇప్పుడు చిన్న ఇంపెల్లరు వేయడం మేలా, మోటారు మార్చడం మేలా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
వాపసు గడువు ఉంటే మోటారు మార్చి, మొత్తం భారం 1.65 హార్స్ పవర్‌కు తగ్గని వేరియబుల్ స్పీడ్ (వేగం మార్చుకోగల) మోటారు తీసుకోండి. వేగం సగానికి తగ్గితే పంపు తీసుకునే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది, ఇక్కడి వేసవిలో రోజూ గంటల తరబడి తిప్పవలసిన పంపుకు అది చిన్న లెక్క కాదు. గడువు దాటి ఉంటే 1.25కు సరిపడే ఇంపెల్లరును, దానికి జోడీగా, దాని చుట్టూ అమరే డిఫ్యూజరును మీ పంపు మోడల్ నంబరు చెప్పి అడగండి. నీటి ప్రవాహం కొంత తగ్గుతుంది, ఆ మేరకు ఇంకో గంట నడిపితే సరి.