ఏఐ రాసిన డాక్యుమెంటేషన్‌ను చదవబుద్ధయ్యేలా మార్చడం ఎలా?

అందరికీ నమస్కారం. మా టీమ్‌లో పేమెంట్ ఏపీఐకి (వేరే ప్రోగ్రాములు మా పేమెంట్ సేవను వాడుకునే మార్గం) డాక్యుమెంటేషన్ రాసే పని నాది. మొదటి డ్రాఫ్ట్ ఏఐతో రాయిస్తున్నాను. తప్పుల్లేని వాక్యాలే, కానీ అసలు విషయం దొరకదు. 429 ఎర్రర్ (తక్కువ సమయంలో మరీ ఎక్కువ రిక్వెస్ట్‌లు పంపితే వచ్చేది) గురించి అడిగితే, రేట్ లిమిట్ ఎంత ముఖ్యమో ఊకదంపుడుగా చెప్పి, రిట్రై-ఆఫ్టర్ హెడర్‌లో ఉన్నన్ని సెకన్లు ఆగి మళ్లీ పంపాలన్న మాట చివర్లో ఎక్కడో పెడుతుంది. ఒక్కోసారి మా కోడ్‌లో లేని పారామీటర్‌ని ఉన్నట్టే రాసేస్తుంది. నాకు అసలు టెన్షన్ అదే. డబ్బుతో వ్యవహారం కదా, మా పేజీ నమ్మి కోడ్ రాసేవాళ్లు ఇబ్బంది పడతారు.

ఓపెన్‌ఏపీఐ ఫైల్ (ఏపీఐలో ఏ రిక్వెస్ట్‌లు, పారామీటర్లు ఉన్నాయో వివరించేది) ఇచ్చి, అందులో ఉన్నదే రాయమంటే ఈ కల్పనలు కొంత తగ్గాయి. చదివేవాళ్ల అవసరాన్ని బట్టి డాక్యుమెంటేషన్‌ను రకాలుగా విడదీసే డయాటాక్సిస్ పద్ధతిలో ట్యుటోరియల్, రిఫరెన్స్ వేరుగా రాయమంటే మాత్రం రెండూ కలిపేస్తోంది.

రోజూ ఈ పని చేసేవాళ్లు కాస్త చెప్పండి. మీ పాత పేజీలు నమూనాగా ఇస్తారా, లేక మీరే రాసి ఏఐతో దిద్దిస్తారా? కోడ్ శాంపిల్స్‌ని సీఐలో (కోడ్ మారినప్పుడల్లా పరీక్షలు ఆటోమేటిక్‌గా నడిపే వ్యవస్థ) నడిపి సరిచూసే ఏర్పాటు ఎవరైనా చేసుకున్నారా? రాతలో శైలి లోపాలు పట్టే వేల్ లింటర్‌కి సొంత రూల్స్ రాసుకుంటే ఇలాంటి డొల్ల వాక్యాలు పట్టుబడతాయా? మీ రూల్ ఒక్కటి చూపించినా నాకు చాలా సాయం.