ఫ్లేవర్డ్ టీలు: డబ్బా తెరిస్తే ఘుమఘుమ, కప్పులో పోస్తే చప్ప. మంచిదో కాదో ఎట్లా తేల్చుకోవాలి?

బురుజు పక్కింటోడు (కర్నూలు):

అందరికీ నమస్తే. రెండు నెలల కింద డాక్టరు షుగర్ బార్డర్‌లో ఉందన్నాడు, రోజుకు ఆరు పాల టీలు తాగేవాణ్ణి, ఒక్కసారిగా రెండుకి దించేశా. నా బాధ చూడలేక మా బామ్మర్ది బెంగళూరు నుంచి వస్తా వస్తా ఒక గిఫ్ట్ పెట్టె పట్టుకొచ్చాడు. చిన్న చిన్న రేకు డబ్బాలు ఎనిమిది, అన్నీ విడి ఆకు టీలే, పాలూ చక్కెరా లేకుండా తాగాలంట. ఎర్ల్ గ్రే, జాస్మిన్ గ్రీన్, కారమెల్, మామిడి, రోజ్, చామొమైల్ (చేమంతి లాంటి చిన్న పూలు), హైబిస్కస్, తులసి మసాలా. ఒక్కో డబ్బా ఆరువందల పైనే ఉంటుందంట, నేను అడగలేదు, వాడే చెప్పాడు.

ఇక నా గోడు. కారమెల్ డబ్బా మూత తీస్తే స్వీట్ షాపు ముందు నిలబడినట్టే ఉంటుంది, తీరా తాగితే నోట్లో ఏమీ లేదు, వేడినీళ్లు. జాస్మిన్ ఏమో వేపాకు నమిలినంత చేదు. రోజ్ టీ తాగుతుంటే అగరుబత్తి నానబెట్టుకొని తాగుతున్నట్టుంది. ఎర్ల్ గ్రే మీద అయితే ఒక పొర తేలుతుంది, నూనె పొర లాగా, ఫ్లేవర్ కోసం ఏదో ఆయిల్ కలిపారేమో అని భయమేసి సింకులో పారబోశా. మా ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది, ఇది టీ కాదు కషాయం అని.

నేను చేసే పద్ధతి: స్టీలు గిన్నెలో బోరు నీళ్లు మరిగించి, ఒక స్పూన్ ఆకు వేసి, ఐదు నిమిషాలు పొయ్యి మీదే ఉడకనిచ్చి వడగడతా, పాల టీ చేసినట్టే. తప్పు నాదా సరుకుదా? అసలు ఇట్లాంటి టీని రుచి చూసి ఇది బాగుంది ఇది బాలేదు అని చెప్పడానికి ఏమన్నా లెక్క ఉంటుందా, లేకపోతే ఎవరి నాలుక వాళ్లదేనా? తెలిసినోళ్లు చెప్పండి.

అనంతపురం ఆకుటీ:

అన్నా, సగం తప్పు నీదే, ఏమనుకోవద్దు. నేను కూనూరులో ఒక టీ ఫ్యాక్టరీలో రెండేండ్లు అకౌంట్స్ చూసినా, ఆడ టేస్టింగ్ రూం పక్కనే నా టేబుల్, అందుకే ఈ పిచ్చి పట్టింది.

ఫస్టు ఆ ఉడకబెట్టేది ఆపు. మనం చిన్నప్పటి నుంచి తాగేది సీటీసీ టీ, ఆకుని నలిపి చీల్చి చుట్టి గుండ్లు గుండ్లుగా చేస్తారు, 1930లలో అస్సాంలో మొదలైన పద్ధతి అది. ఆ గుండ్లు రెండు నిమిషాల్లో కారిపోతాయి, పాలు చక్కెర ఎంత పోసినా తట్టుకుంటాయి. విడి ఆకు అట్ల కాదు, నీళ్లు పోసి మూతపెట్టి వదిలేయాల, పొయ్యి మీద పెట్టగూడదు. బ్లాక్ టీకి బాగా కాగిన నీళ్లు, మూడు నుంచి ఐదు నిమిషాలు. గ్రీన్ టీ అయితే 80 డిగ్రీలు దాటగూడదు, రెండు నిమిషాలు చాలు. థర్మామీటర్ ల్యాకపోతే కాగిన నీళ్లు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి రెండు మూడు సార్లు మార్చి కొంచెం ఆగి పొయ్యి. నీ జాస్మిన్ చేదు పాపం దాని తప్పు కాదన్నా, గ్రీన్ టీని ఐదు నిమిషాలు తెర్లగాచినావు, ఎవురికైనా చేదెక్కుతాది.

ఇంక పోల్చి చూసే లెక్క అడిగినావు కదా. దానికి ఇంటర్నేషనల్ స్టాండర్డే ఉంది, ఐఎస్ఓ 3103. తెల్ల పింగాణీ పాత్ర, 100 మి.లీ. నీళ్లకి 2 గ్రాముల ఆకు, ఆరు నిమిషాలు, మూత పెట్టి. అది తాగి ఆనందించడానికి కాదు, అన్నిట్నీ ఒకే కొలతతో పరీక్షకి నిలబెట్టడానికి, తప్పులుంటే అంత స్ట్రాంగ్‌లో బయటపడతాయి. స్పూన్‌తో కొలవద్దు, చామొమైల్ దూది మాదిరి తేలిక, మామిడి టీలో ఎండు ముక్కలు బరువు, స్పూన్ ఒకటే అయినా గ్రాములు వేరే. ఆన్‌లైన్‌లో చిన్న డిజిటల్ కాటా దొరుకుతాది, కొనుక్కో. ఇంకోటి, డబ్బాలో పువ్వు రేకులు పైకి తేలి పొడి అడుక్కి దిగిపోయి ఉంటాది, పైపైన తీస్తే పువ్వులే వస్తాయి, అందుకే డబ్బా నెమ్మదిగా తిప్పి లోపల్నించి తియ్యి.

రుచి చూసేటప్పుడు జుర్రుమని సౌండ్ వచ్చేట్టు జుర్రాల, సిగ్గుపడొద్దు, కూనూరులో పెద్ద పెద్దోళ్లు సూట్లేసుకొని అదే పని, జుర్రేది ఉమ్మేది. గాలి కలిస్తే వాసన గొంతు ఎనక నుంచి ముక్కులోకి ఎక్కుతాది. ఇప్పుడు నీ కారమెల్ సంగతి. ముక్కు గట్టిగా మూసుకొని ఒక గుటక తాగు. అప్పుడు నాలుకకి తెలిసేది తీపి, పులుపు, చేదు, వగరు, అంతే, కారమెల్ అనేది మాయమైపోతాది. మిగిలిందే అసలు టీ. అది చప్పగా ఉంటే బేస్ ఆకు పనికిరానిది, దాని మీద ఎసెన్స్ కొట్టి అమ్ముతున్నారని అర్థం. ముక్కు వదిలినాక ఫ్లేవర్ ఎంత వస్తా ఉందో, గుటక దిగినాక ఎంత సేపు నిలుస్తా ఉందో చూడు. అయినా కారమెల్, వెనిలా అనేటివి ముక్కుకి తీపి ఆశ పెట్టి నాలుకకి ఎగ్గొడతాయి, చక్కెర ల్యాకుండా వాటికి న్యాయం జరగదు అని నా అభిప్రాయం.

ఫ్లేవర్ ఎట్ల ఎక్కించినారనేది కూడా చూడాల. మంచి జాస్మిన్ టీకి నూనె కొట్టరు, చైనాలో రాత్రి పూట విచ్చుకునే మల్లె మొగ్గల్ని ఆకుతో కలిపి పెడతారు, ఆకు వాసన పీల్చుకుంటాది, పొద్దున పువ్వులు ఏరి పారేస్తారు, మళ్లా కొత్త పువ్వులు, ఇట్ల కొన్ని సార్లు. అందుకే డబ్బాలో పువ్వులు ఎక్కువ కనపడితే మంచి సరుకు అనుకోవద్దు. ఎర్ల్ గ్రేకి బెర్గమాట్ అనే నిమ్మజాతి కాయ తొక్క నూనె కలుపుతారు, అది దాని పద్ధతే, తప్పేం లేదు.

ఆ పొర మాత్రం నూనె కాదన్నా. నూనె అయితే చుక్కలు చుక్కలుగా తేలుతాది. చెంచాతో గెలికి చూడు, చిన్న చిన్న పెంకులుగా పగిలితే అది మీ బోరు నీళ్ల సున్నం, టీలో ఉండే పదార్థాలతో కలిసి అట్ల పేరుకుంటాది. మా అనంతపురంలో మాకు ఇది రోజూ ఉండే కథే. రెండు చుక్కలు నిమ్మరసం పిండితే పొర కరిగిపోతాది. బోరు నీళ్లతో టీ నల్లగా వస్తాది గానీ వాసన సచ్చిపోతాది, కాబట్టి నీళ్లు మార్చకుండా టీకి మార్కులు వెయ్యొద్దు.

సంకటి సుబ్బయ్య (కడప):

ఆరువందలు పెట్టి ముక్కు మూసుకొని తాగాల్నా సామీ? మా వీధి చివర బంకులో పది రూపాయలకి అల్లం టీ, ముక్కు తెరుచుకొనే తాగొచ్చు.

అనంతపురం ఆకుటీ:

సుబ్బయ్యా, అల్లం టీ కూడా ఫ్లేవర్డ్ టీనే కదప్పా. బంకోడు ఒకరోజు అల్లం తక్కువేస్తే ఏందిది ఈరోజు ఇట్ల ఉంది అంటావు కదా, అదే టేస్టింగ్.

కడప కోడలు:

బురుజు అన్నా, టీ ఆకు సంగతి ఆ అన్న చెప్పేశాడు కాబట్టి నేను మూలికల వాటి గురించి రాస్తా. మీ పెట్టెలో చామొమైల్, హైబిస్కస్ అసలు టీలే కావు, వాటిలో టీ ఆకు ఒక్కటి కూడా ఉండదు, కాబట్టి కెఫీన్ కూడా ఉండదు. తులసి మసాలా మాత్రం వెనక లేబుల్ చూడాలి, కొందరు టీ ఆకు కలుపుతారు కొందరు కలపరు. లేబుల్ మీద ఏది బరువు ఎక్కువ ఉంటే అది ముందు రాస్తారు, తులసి టీ అని పేరు పెట్టి తులసి అయిదో పేరుగా ఉంటే అక్కడే తెలిసిపోతుంది కదా, రుచి చూసే పని కూడా లేదు.

నేను చేసే పని ఒకటి చెప్తా, నవ్వొద్దు. ఒక తెల్ల ప్లేటులో రెండు స్పూన్లు పోసి బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరుతా. రేకులు ఒక కుప్ప, ఆకులు ఒక కుప్ప, కాడలు, ముక్కలు, దుమ్ము. తర్వాత ఒక్కో కుప్పని విడివిడిగా చిన్న గ్లాసుల్లో వేడినీళ్లు పోసి ఏడెనిమిది నిమిషాలు పెడతా. మొన్న ఒక రోజ్ బ్లెండ్ అట్లా చేస్తే గులాబీ రేకుల గ్లాసులో రంగూ లేదు వాసనా లేదు, ఎండిన కాగితం తడిపినట్టు. గులాబీ వాసన అంతా టీ ఆకు గ్లాసులోంచి వస్తుంది! అంటే రేకులు ఫొటో కోసం, వాసన సీసాలోంచి. మీ అగరుబత్తి అనుమానం కరెక్టేనేమో చూసుకోండి.

శంఖుపుష్పం టీ కూడా అంతే, నీలం రంగు చూసి, నిమ్మకాయ పిండితే ఊదాగా మారడం చూసి పిల్లలు గంతులేస్తారు, రుచి మాత్రం పచ్చి చిక్కుడుకాయ ఉడికిన నీళ్లు. నేను దానికి రంగుకే మార్కులు వేస్తా, రుచికి సున్నా.

హైబిస్కస్ అంటే మన పెరట్లో మందారం అనుకుంటారు చాలామంది. కాదు, అది మన ఎర్ర గోంగూరే. పువ్వు రాలిపోయాక కాయని చుట్టుకొని ఎర్రగా కండగల తొడుగు ఉంటుంది చూడండి, అది ఎండబెట్టిందే. గోంగూర పచ్చడి తిన్నోళ్లకి దాని పులుపు కొత్తేం కాదు, కాబట్టి పుల్లగా ఉందని మార్కులు తగ్గించకండి. పులుపు వెనక కొంచెం పండు రుచి వస్తే మంచిది, ఒట్టి చింతపండు నీళ్లలా ఉండి రంగు ఇటుక రంగుకి తిరిగితే పాతబడిన సరుకు. దీన్ని మాత్రం బాగా కాగిన నీళ్లతోనే చేయాలి, అల్యూమినియం గిన్నెలో వద్దు. బీపీ మాత్ర వేసుకునేవాళ్లు రోజూ తాగేముందు డాక్టర్ని అడగండి, ఇది బీపీ కొంచెం దించుతుంది. దీనికి ఎదురు అతిమధురం, అది బీపీ పెంచుతుంది. చక్కెర వేయలేదు కానీ తియ్యగా ఉంది అనిపించే బ్లెండ్లలో చాలావరకు అతిమధురం వేరు ఉంటుంది, గుటక దిగిన తర్వాత గొంతులో తీపి ఆగిపోతుంది, అదే గుర్తు.

ఇంకో మాట, ఉగ్గాని బజ్జి తిన్న వెంటనే టీలకి మార్కులు వేయకండి అన్నా, మన కారానికి నాలుక గంట సేపు ఏదీ పట్టించుకోదు.

కారమెల్, వెనిలా ఇష్టం అయితే మన నన్నారి వేరు ప్రయత్నించండి. ఆ వాసనకి కారణమైన పదార్థం, వెనిలాలో ఉండే వెనిలిన్ రెండూ దగ్గరి చుట్టాలే. నేను మొదటిసారి వేరుని పది నిమిషాలు కాచాను, ఇల్లంతా సువాసన, గ్లాసులో మట్టి రుచి. తర్వాత కచ్చాపచ్చాగా దంచి, కాగిన నీళ్లు పోసి, మూతపెట్టి వదిలేస్తే సరిగ్గా వచ్చింది. ఇంట్లో ఉడుకుతున్నప్పుడు వాసన ఎంత బాగా వస్తుంటే కప్పులోంచి అంత పోతున్నట్టే లెక్క.

బురుజు పక్కింటోడు (కర్నూలు):

ఆదివారం పొద్దున పరీక్ష పెట్టేశా, రిపోర్టు రాస్తున్నా. ముందు నీళ్లు. ఎర్ల్ గ్రే ఒకటే మూడు కప్పుల్లో, బోరు నీళ్లు ఒకటి, మున్సిపాలిటీ కుళాయివి, అంటే తుంగభద్ర నీళ్లు ఒకటి, క్యాన్ నీళ్లు ఒకటి. మా పాప కప్పుల అడుగున స్టిక్కర్లు అంటించి వరస మార్చింది, నాకు తెలియకుండా. చూస్తేనే తెలిసిపోయింది, బోరుది నల్లగా పొరతో, చెంచా తగిలితే పెంకులు పెంకులుగా విరిగింది, అనంతపురం అన్న చెప్పినట్టే. కళ్లు మూసుకొని తాగినా అదే చివర. కుళాయి నీళ్లలో మాత్రం ఆ నిమ్మతొక్క వాసన మొదటిసారి తెలిసింది, నేను ఇన్నాళ్లు పారబోసింది ఇదా అని బాధేసింది.

తర్వాత కాటాతో తూచి ఎనిమిదీ వరసగా, కుళాయి నీళ్లతోనే. నంబర్ వన్ జాస్మిన్, నేనే నమ్మలేదు, వేపాకు అని తిట్టిందే దాన్ని. రెండు నిమిషాలకి తీసేస్తే లేత రంగు, చివర్లో పచ్చి నేరేడుకాయ కొరికినట్టు కొంచెం వగరు, అది కూడా బాగుంది. రెండు హైబిస్కస్. ఎర్ల్ గ్రే మూడు. కారమెల్ ముక్కు మూసుకొని తాగితే నిజంగానే ఏమీ లేదన్నా, గడ్డి నీళ్లు, ముక్కు వదలగానే స్వీట్ షాపు, మళ్లీ మూస్తే గడ్డి. మా పాప ఇదో ఆటలాగా పది సార్లు చేసింది. మామిడి కూడా ఆ బాపతే. రోజ్ టీ ప్లేటులో పోసి ఏరాం, రేకుల గ్లాసు తెల్లగానే ఉండిపోయింది.

ఒక విచిత్రం ఏంటంటే, వేడి మీద అన్నీ ఒకేలా బాగున్నట్టు అనిపించాయి, చల్లారాక తేడా తెలిసింది. ఎసెన్స్ కొట్టినవి చల్లారితే సబ్బు వాసనకి దగ్గరకొచ్చాయి, జాస్మిన్ మాత్రం చల్లారినా తాగగలిగా. ఇది అందరికీ ఇంతేనా, లేక నాకొక్కడికేనా?

మా ఆవిడ తులసి మసాలా ఒక్కటీ ఒప్పుకుంది, అందులో మిరియాలూ శొంఠీ గట్టిగా పడ్డాయి కాబట్టి. కషాయం కషాయంలాగే ఉంటే ఇబ్బంది లేదంట.

అనంతపురం ఆకుటీ:

అందరికీ అంతే అన్నా. నాలుక కాలే వేడి మీద ఏం తెలుస్తాది, కూనూరులో వాళ్లు కూడా కొంచెం ఆరినాకనే కూర్చుంటారు. ఆ జాస్మిన్ ఆకు పారెయ్యొద్దు, ఇంకోసారి నీళ్లు పొయ్యి, ఈసారి అర నిమిషం ఎక్కువ పెట్టు. పువ్వులతో పట్టించింది అయితే రెండో కప్పులో కూడా వాసన ఉంటాది, పైన నూనె కొట్టింది అయితే చాలా మటుకు మొదటి కప్పుతోనే పోతాది.

సంకటి సుబ్బయ్య (కడప):

కడప కోడలక్కా, ఊరికే అడుగుతున్నా, ఆ ఎర్ర గోంగూర తొడుగులు ఎప్పుడు కోస్తారు? మా చేని గట్టు మీద ఉన్నాయి, ఎవరూ పట్టించుకోరు.

కడప కోడలు:

కార్తీకం దాటాక చూడన్నా, కాయ ముదరకముందే, తొడుగు గోరుతో గిల్లితే పుటుక్కుమని విరగాలి. లోపలి కాయ తీసేసి తొడుగు మాత్రం నీడన పలచగా ఆరబెట్టు. బాగా ఆరకుండా డబ్బాలో పోస్తే బూజు పడుతుంది, మొదటి ఏడు నావన్నీ అట్లాగే పోయాయి.