ముక్కలైన కండర కణం వెనక్కి మళ్లినట్టేనా?

నాగావళి:
పూర్తిగా కండరంగా మారిన కణాన్ని చిన్న రసాయన అణువులతో మళ్లీ తొలి దశకు తేవచ్చనడానికి రెండు రుజువులు చాలునని నా అభిప్రాయం. 2000లో పీటర్ షుల్ట్జ్ బృందం వెలువరించిన మయోసెవెరిన్ మొదటిది. 2004లో షెంగ్ డింగ్‌తో కలిసి అదే బృందం వెలువరించిన రివర్సిన్ రెండవది. కాలు తెగిన న్యూట్ (తోక ఉన్న ఒక ఉభయచర జీవి) తన కండరాన్ని వెనక్కి మళ్లించుకున్నట్టే ఎలుక కణాలూ చేస్తున్నాయి కదా?

సూక్ష్మదర్శిని:
నాగావళి గారూ, ఆ రెండింటినీ ఒకే గాటన కట్టడం తగదు. రివర్సిన్‌ను ప్రయోగించింది మయోబ్లాస్టుల మీద, అంటే ఇంకా ఒకదానితో ఒకటి కలిసిపోని, విభజన చెందుతూనే ఉన్న కణాల మీద. అవి ఎముక కణాలుగా, కొవ్వు కణాలుగా మారగలిగాయన్నది ముఖ్యమైన విషయమే గానీ, అది పూర్తయిన కండరం వెనక్కి రావడం కాదు. పైగా కణ విభజనలో క్రోమోజోముల పంపకాన్ని కాపలా కాసే అరోరా, ఎంపీఎస్1 ఎంజైములను రివర్సిన్ అడ్డుకుంటుందని తర్వాత తేలింది.

మయోసెవెరిన్ కణానికి ఆకారమిచ్చే సూక్ష్మనాళికలకు అతుక్కుని, మయోబ్లాస్టులు కలిసిపోగా ఏర్పడిన, అనేక కేంద్రకాలున్న మయోట్యూబును (కండర గొట్టాన్ని) ఒక్కో కేంద్రకం ఉన్న ముక్కలుగా విడగొడుతుంది. తాడును ముక్కలు చేసినంత మాత్రాన అది తిరిగి పీచు కాదు. ప్రయోగశాలల్లో వాడే సీ2సీ12 అనే ఎలుక మయోబ్లాస్టులను పెంచినవారికి ఇంకో చిక్కు తెలుసు. దూడ పిండ సీరం తీసేసి 2 శాతం గుర్రపు సీరం ఇస్తే, నాలుగైదు రోజుల్లో పొడవాటి గొట్టాలు, వాటిలో వరుసగా కేంద్రకాలు కనిపిస్తాయి. అయితే ఆ గొట్టాల సందుల్లో, ఎవరితోనూ కలవకుండా మిగిలిపోయిన ఒంటరి కణాలు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. మందు వేశాక పళ్లెంలో పెరుగుతున్న కణం గొట్టం నుంచి వచ్చిందో, ఆ మిగిలిన వాటిలోదో కంటితో చూసి చెప్పలేము.

అందుకే 2011లో పాలివాల్, ఇరీనా కాన్బాయ్ చేసిన పనికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. కణాలు కలిసిపోతేనే వెలిగే జన్యు గుర్తును వాళ్లు ముందుగా పెట్టి, ఆ తర్వాతే టైరోసిన్ ఫాస్ఫటేజులనే ఎంజైములను, కణ మరణాన్ని అడ్డుకునే మందులు వేశారు. గుర్తున్న కణం విభజన చెందితే అది కండరం నుంచి వచ్చిందని నిస్సందేహంగా చెప్పవచ్చు.

నాగావళి:
గుర్తు పెట్టే పద్ధతి గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను, రివర్సిన్ ఉదాహరణను వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మన కండరంలో శాటిలైట్ కణాలు (గాయమైతే కొత్త కండరాన్నిచ్చే మూలకణాలు) ఎలాగూ ఉన్నాయి కాబట్టి ఈ దారే అనవసరమంటే మాత్రం అంగీకరించను. న్యూట్ లాంటిదే అయిన ఆక్సోలోటల్ అనే ఉభయచరం శాటిలైట్ కణాలనే వాడుకుంటుందని, న్యూట్ మాత్రం కండరాన్నే వెనక్కి తిప్పుతుందని 2014 నాటి పరిశోధన చూపింది. ప్రకృతిలో రెండు దారులూ ఉన్నాయి.

సూక్ష్మదర్శిని:
అనవసరమని నేను అనలేదు. 2010లో హెలెన్ బ్లా బృందం ఎలుక కండర కణాలను తిరిగి విభజనలోకి తేవడానికి విభజనకు కళ్లెం వేసే ఆర్బీ, ఏఆర్ఎఫ్ అనే ప్రొటీన్లు రెండింటినీ తాత్కాలికంగా ఆపవలసి వచ్చింది. ఆ రెండూ కణాన్ని క్యాన్సర్ నుంచి కాపాడేవే. మందుతో అదే పని చేయిస్తే, ఆ కాపలా మళ్లీ కచ్చితంగా నిలబడిందని ప్రతి కణంలోనూ చూపించాలి. డుషెన్ అనే జన్యుపరమైన కండర క్షీణత వ్యాధి ఉన్న పిల్లవాడి విషయంలోనైతే, వెనక్కి వచ్చిన కణంలోనూ అదే లోపమున్న డిస్ట్రోఫిన్ జన్యువు ఉంటుంది. దాన్ని సరిచేయకుండా కణాల సంఖ్య ఎంత పెంచినా కండరం నిలబడదు.