పాత పాటల పుస్తకంలోంచి కోసిన ఆకు: కొనొచ్చా, కొనకూడదా?

ఒహాయో_బావ:
క్లీవ్‌లాండ్ దగ్గర ఒక పాతవస్తువుల కొట్లో చర్చి పాటల పుస్తకపు ఆకు ఒకటి చూశాను. ఇటలీది, 15వ శతాబ్దం అన్నారు. తోలు మీద రాసింది, దాదాపు మా చిన్న టీవీ అంత ఉంది. నాలుగేసి ఎర్ర గీతలు, వాటి మీద నల్లటి చదరపు స్వరాలు, మొదట్లో పెద్ద ‘పి’ అక్షరం. దాని చుట్టూ నీలం తీగలు. బంగారు రేకు ఉబ్బెత్తుగా ఉంది, తల కాస్త వంచితే తళుక్కుమంటోంది. మా అమ్మాయి గదిలో పెడదామనుకున్నా. ఫ్రెండేమో ‘కోసిన ఆకు కొనడం తప్పు’ అంటున్నాడు. ఎందుకు తప్పు?

గుంటూరు_క్వయర్:
అన్నా, ‘పి’ తర్వాత ‘పువర్ నాటుస్ ఎస్ట్ నోబిస్’ అని ఉందా? ఉంటే అది క్రిస్మస్ పగటిపూజ ప్రవేశ గీతం. మన బైబిల్లో యెషయా 9:6, ‘మనకు శిశువు పుట్టెను’. అంత పెద్దగా ఎందుకంటే, బృందమంతా ఒకే పుస్తకం ముందు నిలబడి పాడేవాళ్లు. వెనక వరసకీ కనపడాలిగా. మాకిప్పుడు తలా ఒక జిరాక్స్!

తాళపత్రం_72:
తప్పే. లెక్క చూడండి. పుస్తకం మొత్తంగా అమ్మితే ఒక్క బేరం. ఆకులు విడదీస్తే వందల బేరాలు, డబ్బు ఎక్కువ. మీరు కొన్న ప్రతి ఆకూ ఇంకో పుస్తకం మీదికి కత్తి పంపుతుంది. ఫ్రాన్స్‌లో బోవే కెథీడ్రల్ పూజా గ్రంథం 1290 ప్రాంతంలో తయారైంది. 1926లో వేలంలో అమ్ముడైనప్పుడు కూడా నిక్షేపంలా పుస్తకంగానే ఉంది. 1942లో విడదీశారు. ఆ ఆకుల్ని ఇప్పుడు ఒక్కొక్కటే వెతికి కంప్యూటర్ తెర మీద కలుపుతున్నారు పాపం.

వాదన_వద్దు:
విడదీసినవాళ్లలో ఒకాయన మీ క్లీవ్‌లాండ్ మనిషే, ఆటో ఎగే. కళాశాలలో పాఠాలు చెప్పేవాడు. మామూలు విద్యార్థి కూడా అసలు ఆకు చేత్తో పట్టుకోవాలి కదా అన్నది ఆయన వాదన. నాకైతే అందులో సగం నిజం కనిపిస్తుంది. 2022లో మెయిన్ రాష్ట్రంలో ఒకాయన పాత సామాన్ల అమ్మకంలో 75 డాలర్లకు కొన్న ఆకు బోవే పుస్తకానిదేనని తేలింది. ఆయన గుర్తుపట్టి కొనకపోతే అదేమయ్యేదో! పైగా ఈ కోత ఎగేతో మొదలవలేదు. నెపోలియన్ సైన్యం ఇటలీ మీద పడ్డాక పోప్ ప్రార్థనామందిరం పుస్తకాల నుంచి కత్తిరించిన బొమ్మలు 1825లో లండన్ వేలానికి వచ్చాయి. రెండు వందల ఏళ్ల కిందట కోసినదాన్ని ఇవాళ కొనకపోతే పుస్తకం మళ్లీ అతుక్కుంటుందా?

తాళపత్రం_72:
అతుక్కోదండీ. కానీ ఎప్పుడు కోశారో కొట్టువాడు చెప్పాడా? అసలు ప్రశ్న అదే. మా తాతగారింట్లో తాళపత్ర గ్రంథం ఉండేది. దారం తెగి నాలుగు ఆకులు పోయాయి. మిగతావి ఉన్నా ఆ పద్యాల ముందూ వెనకా ఏముందో ఎవరికీ తెలియదు. ఫ్రేములో పెట్టిన ఆకు కూడా అంతే. పాట వెనకవైపుకి తిరుగుతుంది, అక్కడ గోడ ఉంటుంది.

గుంటూరు_క్వయర్:
ఇది మాత్రం నిజం. సగం పాట గోడకి వినిపిస్తారన్నమాట.

వాదన_వద్దు:
రెండు వైపులా అద్దం పెట్టించుకోవచ్చు లెండి 🙂 బావగారూ, కుట్టు వైపు అంచు ఒకసారి చూడండి. వందల ఏళ్లు చేతులు తగిలి మిగతా మూడు అంచులూ మాసి ఉంటాయి. ఆ ఒక్కటీ తెల్లగా, శుభ్రంగా ఉంటే మాత్రం అనుమానించాలి. అప్పుడు నేనూ తాళపత్రం గారి వైపే.

ఒహాయో_బావ:
ఇవాళ మళ్లీ వెళ్లాను. గుంటూరు తమ్ముడు చెప్పిన మాటలే ఉన్నాయి. వెనకవైపు పాట సగంలో ఆగింది. మూడు అంచులు గోధుమరంగులో ఉన్నాయి, నాలుగోది తెల్లగా ఉంది. ఎప్పుడు కోశారని అడిగితే కొట్టావిడ నవ్వి, మా అమ్మాయి పేరు ఏ అక్షరంతో మొదలవుతుందని అడిగింది. అదే పుస్తకంవి ఇంకా ఉన్నాయట, కావాలంటే ఆ అక్షరం ఉన్న ఆకు చూసి తీసిస్తుందట.