అప్‌డేట్ తర్వాత ప్రింటర్ బయటి కాట్రిడ్జ్‌లు తీసుకోవట్లేదు. కంపెనీని నిలదీయొచ్చా?

సిరాచుక్క
ఇంక్‌జెట్ ప్రింటర్ అండి. వేరే కంపెనీ కాట్రిడ్జ్‌లతో బాగానే నడిచేది. ఆటో అప్‌డేట్ అయ్యాక అవే పెడితే ‘కాట్రిడ్జ్ సమస్య’ అంటూ ఆగిపోతోంది. పెట్టె మీద ఇలాంటి షరతేమీ లేదు. పాత ఫర్మ్‌వేర్ (ప్రింటర్‌ను లోపల నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించొచ్చా? కుదరకపోతే ఎవరిని, ఏమని అడగాలి?

ఫర్మ్‌వేర్ పిచ్చి
ఫ్యాక్టరీ రీసెట్‌తో పని జరగదు. అది సెట్టింగులనే చెరుపుతుంది, వెర్షన్ అలాగే ఉంటుంది. చాలా పరికరాలు కొత్త ఫైల్ ఎక్కించుకునే ముందు కంపెనీ డిజిటల్ సంతకంతో పాటు కనీస వెర్షన్ కూడా చూస్తాయి. ఆ అంకె చిప్‌లోని ఈ-ఫ్యూజ్‌లో (ఒకసారి రాస్తే వెనక్కి మార్చలేని చోటు) నమోదైతే, పాత ఫైల్ కంపెనీ ఇచ్చిందే అయినా ఒప్పుకోదు. ఎక్కడెక్కడివో ఫైళ్లు దించుకోకండి. మోడల్ నంబరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా పరికరం పనికిరాకుండా పోవచ్చు.

ముందు కంపెనీ సపోర్ట్ పేజీ చూడండి. 2016 సెప్టెంబరులో హెచ్‌పీ ప్రింటర్లు కొన్ని ఇలాగే మొరాయిస్తే, గొడవ ముదిరాక ఆ అడ్డు తీసేసిన ఫర్మ్‌వేర్‌ను కంపెనీయే ఇచ్చింది. మీ మోడల్‌కూ అలాంటిది దొరికితే, ఎక్కించాక ఆటో అప్‌డేట్ ఆపేయండి. వైఫై తీసేస్తే చాలనుకోవద్దు, యూఎస్‌బీ తీగ ఉన్నా కంప్యూటర్‌లోని ప్రింటర్ యాప్ అప్‌డేట్ తోసేయగలదు. భద్రతా ప్యాచ్‌లు కూడా ఆగిపోతాయన్నది గుర్తుంచుకోండి.

రశీదు రాయుడు
‘ఫీచర్ తీసేశారు’ అని మొదలుపెడితే మీ వాదన బలహీనం. బయటి కాట్రిడ్జ్ నడుస్తుందని కంపెనీ ఎప్పుడూ ప్రకటించి ఉండదు. పీఎస్3 (ప్లేస్టేషన్ 3 గేమ్ కన్సోల్)లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకునే వీలు వేరు, అది సోనీ స్వయంగా చెప్పుకున్న ఫీచర్. 2010 ఏప్రిల్ 1న 3.21 ఫర్మ్‌వేర్‌తో తీసేశారు. వద్దనుకుంటే అప్‌డేట్ మానేయొచ్చన్నారు గానీ, మానేస్తే ఆన్‌లైన్ ఆట పోయేది. అమెరికాలో దాని మీద సామూహిక దావా నడిచింది.

మీరు పట్టుకోవాల్సింది ‘కొనేటప్పుడు చెప్పలేదు’ అన్న మాట. 2020 డిసెంబరులో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ హెచ్‌పీకి కోటి యూరోల జరిమానా వేసింది ముఖ్యంగా ఈ లోపానికే.

సిరాచుక్క
యూరోపియన్ యూనియన్ 2019/770 ఆదేశం (డైరెక్టివ్) 19వ అధికరణం ప్రకారం, అప్‌డేట్ వల్ల నష్టం జరిగితే 30 రోజుల్లో ఒప్పందం రద్దు చేసుకోవచ్చని చదివాను. దాన్ని చూపించొచ్చా?

రశీదు రాయుడు
కుదరదండి. అది విడిగా కొన్న యాప్‌లకు, క్లౌడ్ సేవలకు. వస్తువులోనే ఇమిడి వచ్చే ఫర్మ్‌వేర్‌కు 2019/771 వర్తిస్తుంది, అందులో ఇలాంటి అధికరణం లేదు. దాని కింద మొదట జవాబుదారీ తయారీదారు కాదు, అమ్మినవాడు. మిగతాచోట్ల ఎవరికి రాయాలన్నది ఆ దేశ చట్టాన్ని బట్టి ఉంటుంది.

ఎక్కడైనా రుజువులు మాత్రం ఇవే: రశీదు, పెట్టె ఫొటో, కొన్న నాటి ఉత్పత్తి పేజీ (పాత వెబ్ పేజీలను దాచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో దొరకొచ్చు), ప్రింటర్ స్టేటస్ పేజీలోని వెర్షన్, తేదీ కనిపించేలా ఎర్రర్ తెర ఫొటో. ఫోన్‌లో వాదించకుండా ఈమెయిల్ పెట్టండి. ‘అడ్డు తీయండి, లేదా డబ్బు వెనక్కివ్వండి’ అని రాసి 15 రోజుల గడువివ్వండి. ఎర్రర్ ఫొటో తీశాకే ఫర్మ్‌వేర్ మార్చండి, ముందే మార్చేస్తే చూపించడానికి ఏమీ మిగలదు.