బట్టీలో మాయమైన బొమ్మలు: అందరికీ తెలిసిన ఫలితాన్ని మళ్ళీ చేసి చూస్తే అది ప్రయోగమేనా?

పచ్చిపలక

శిల్పకళలో రెండో ఏడాది చదువుతున్నాను. ఒక విషయంలో మీ అందరి అభిప్రాయం కావాలి.

ఒక మాధ్యమంలో చేసే పనిని ఇంకో మాధ్యమంలోకి తీసుకెళ్ళి చూడమని ఈ సెమిస్టర్‌లో మాకు చెప్పారు. నాకు డ్రాయింగ్ అంటే ప్రాణం. కాగితం మీద గీసినట్టే మట్టి మీద గీద్దామని పన్నెండు పలకలు చేశాను. పలక పూర్తిగా ఆరకముందే, గోరు నొక్కితే గుర్తు పడేంత చెమ్మ ఉండగా, నా ఎడమ చేతిని దాని మీద ఆనించి చుట్టూ గీత గీశాను. లోపల చార్‌కోల్‌తో నీడలు వేశాను. కొన్నిటి మీద గట్టి పెన్సిల్ వాడాను. ఆరాక 900 డిగ్రీల దాకా కాల్చాం. బట్టీ తెరిచి చూస్తే పన్నెండూ ఖాళీ. నీడలు లేవు, వేలి కణుపుల మీది ముడతలు లేవు. వెలుతురు పక్కనుంచి పడేలా వంచి చూస్తే, పెన్సిల్ నొక్కిన చోట సన్నటి గాడి మాత్రం కనిపించింది.

కాల్చకముందు తీసిన ఫోటోల పక్కన ఆ పన్నెండు పలకల్నీ పెట్టి సబ్మిట్ చేశాను. చూసిన మాస్టారు ఒక్క మాటలో తేల్చేశారు. కర్బనం నిప్పులో కాలిపోతుందని ఎవరికైనా తెలుసని, ఇది ప్రయోగం కాదని, చదవకుండా చేసిన పని అని అన్నారు. ప్రయోగానికి ఇచ్చే మార్కులు రాలేదు. మార్కుల సంగతి వదిలేయండి. ఆయన అన్నది నిజమేనా అన్న ఆలోచనే నిద్ర పట్టనివ్వడం లేదు.

బట్టీపక్కన

చాలా ఏళ్ళుగా మట్టి పనిలో ఉన్నాను. మీ మాస్టారు కటువుగా చెప్పారు కానీ తప్పు చెప్పలేదు. చార్‌కోల్ అంటే కట్టెబొగ్గే కదా. గాలి ఆడే బట్టీలో అది మిగలదు. పెన్సిల్‌లో ఉండే గ్రాఫైట్ కూడా అంతే, కాస్త ఆలస్యంగా పోతుంది. కాల్చాక కూడా గీత నిలవాలంటే ఇనుము, కోబాల్ట్ లాంటి లోహాల ఆక్సైడ్లు కావాలి. వాటితో చేసిన అండర్‌గ్లేజ్ పెన్సిళ్ళు (గ్లేజు, అంటే గాజులా మెరిసే పూత, దాని కింద గీయడానికి వాడేవి) కూడా దొరుకుతాయి. ఎవరినైనా అడిగితే ఒక్క నిమిషంలో తెలిసే విషయం ఇది. ప్రయోగం అన్నప్పుడు ముందు ఒక ప్రశ్న ఉండాలి. మీరు బొమ్మ మిగలాలని గీశారు, మిగలలేదు. దాన్ని పొరపాటు అంటారు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ‘చేసి చూస్తేనే తెలుస్తుంది’ అన్న మాట అన్ని మెటీరియల్స్‌కీ పనికిరాదు. 2007లో ఇంగ్లండ్‌లో ఒక 16 ఏళ్ళ విద్యార్థిని ఆర్ట్ క్లాసులో తన చేతుల అచ్చు తీయాలని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో చేతులు పెట్టింది. గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ దానంతటదే వేడెక్కుతుంది. మందంగా ఉంటే 60 డిగ్రీలకు చేరగలదు. ఆ అమ్మాయి చేతులు అందులో ఇరుక్కుపోయాయి. చాలా వేళ్ళు పోయాయి. ఆ సంగతి కూడా ముందే అందరికీ తెలిసినదే.

బొగ్గుగీత

ప్లాస్టర్ విషయంలో మీతో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తాను. ఒంటికి ప్రమాదం ఉన్నచోట చదవకుండా చెయ్యి పెట్టకూడదు. కానీ ఆ ఉదాహరణ తెచ్చి ఈ పలకల మీద పెట్టడం న్యాయం కాదండి. ఇక్కడ పోయింది బొగ్గు మాత్రమే.

నేను డ్రాయింగ్ నేర్పుతాను. పచ్చిపలక రాసినదాంట్లో ఆ గాడి దగ్గర నేను ఆగిపోయాను. డ్రాయింగులో రెండు ఉంటాయి, నలుపు ఎంత అన్నది ఒకటి, చెయ్యి ఎంత నొక్కింది అన్నది ఇంకొకటి. కాగితం మీద ఈ రెండూ కలిసిపోతాయి, నొక్కితే నల్లగా పడుతుంది. పిల్లలకి వీటిని విడదీసి చూపించడానికి నేను నానా తంటాలు పడతాను. కళ్ళు మూసుకుని గీయమంటాను, కాగితం వెనక్కి తిప్పి వేలితో తడమమంటాను. ఈ అమ్మాయి బట్టీలో అది జరిగిపోయింది. నిప్పు నలుపుని తీసేసి నొక్కుడుని ఉంచింది. బొగ్గు కాలిపోతుందని పుస్తకంలో ఉంటుంది, నిజమే. ఈ చెయ్యి ఎక్కడ గట్టిగా నొక్కింది, ఎక్కడ తేలిపోయింది అన్నది ఏ పుస్తకంలో ఉంటుంది?

ఇంకో మాట. 16వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో బెర్నార్ పాలిసీ అనే ఆయన తెల్లటి గ్లేజు వేసిన ఒక పాత్ర చూసి, అలాంటిది చేయాలని ఏళ్ళ తరబడి పట్టుబట్టాడు. కట్టెలు అయిపోతే ఇంట్లో బల్లలు, నేల మీద పరిచిన చెక్కలు కూడా బట్టీలో వేశానని తనే రాసుకున్నాడు. అప్పటికే ఇటలీలో తగరం కలిపిన తెల్ల గ్లేజు మామూలు విషయం. అంటే తెలిసినదాని కోసమే ఆయన అంత కష్టపడ్డాడు. చివరికి ఆయనకి పేరు తెచ్చినవి చేపలు, పాములు, ఆకులు అచ్చు తీసి అతికించిన పళ్ళేలు. ఆ దారిన పోకపోతే అవి వచ్చేవి కావు.

బట్టీపక్కన

పాలిసీకి చెప్పేవాళ్ళు లేరండి. గ్లేజు పాళ్ళను కుమ్మరులు గుట్టుగా దాచుకునే రోజులవి. ఇప్పటి విద్యార్థికి ఆ ఇబ్బంది లేదు. గాడి గురించి మీరన్నది బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ మాట చెప్పింది మీరు. సబ్మిషన్‌లో ఆ అమ్మాయి చెప్పిందా?

ఖాళీకాగితం

1953లో అమెరికన్ కళాకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్, పేరున్న చిత్రకారుడు డి కూనింగ్ దగ్గర అడిగి తెచ్చుకున్న ఒక డ్రాయింగును రబ్బరుతో చెరిపేసి, ఆ కాగితాన్నే తన పనిగా పెట్టాడు. దాన్ని మ్యూజియంలో పెట్టారు. మరి ఈ పలకలు ఎందుకు పనికిరావు?

తీగచట్రం

రౌషెన్‌బర్గ్ చెరపాలనే కూర్చున్నాడు, వారాల తరబడి చెరిపాడు. ఇక్కడ బొమ్మ పోతుందని ముందు తెలియదు. ఆ పోలిక ఈ అమ్మాయికి మేలు చేయదు, పైగా మాస్టారి మాటకే బలం ఇస్తుంది.

నా అనుభవం చెబుతాను. చదువుకునే రోజుల్లో పచ్చిమట్టి త్వరగా గట్టిపడుతుందని దానిలో కాస్త ప్లాస్టర్ పొడి కలిపి ఒక తల చేశాను. కాల్చాక బాగానే ఉంది. కొన్ని వారాలకి చెంప మీద గోరంత పెచ్చు లేచింది, తర్వాత ముక్కు పక్కన ఇంకోటి. మట్టిలో ఇరుక్కున్న ప్లాస్టర్ రవ్వలు కాలి, తర్వాత గాలిలో తేమ పీల్చుకుని ఉబ్బి, పైమట్టిని నెట్టేస్తాయి. అందుకే మట్టి పనిచేసే బల్ల దగ్గరికి ప్లాస్టర్‌ని రానివ్వరు. ఆ తలని నేను ప్రయోగం అని ఎన్నడూ అనలేదు. ఎంత కలిపానో రాసుకోలేదు, ఏ పెచ్చు ఎప్పుడు లేచిందో రాసుకోలేదు. రాసుకుని ఉంటే అనేవాణ్ణేమో. పచ్చిపలక గారూ, మీ స్కెచ్‌బుక్‌లో ఏముంది? ఏ పలక మీద ఏ పెన్సిల్, మట్టి ఎంత చెమ్మగా ఉంది, ఇవి ఉన్నాయా?

ఒకేదారి

అసలు సమస్య వేరే ఉంది. డ్రాయింగ్ నుంచి మట్టికి, మట్టి నుంచి ఇంకోదానికి గెంతుతుంటే ఏదీ చేతికి పట్టదు. ఒక మెటీరియల్‌తో పదేళ్ళు కూర్చోవాలి.

బొగ్గుగీత

శిల్పి మృణాళినీ ముఖర్జీ రెండు దశాబ్దాలకు పైగా జనపనార లాంటి తాళ్ళని ముడివేస్తూ శిల్పాలు చేశారు. తర్వాత సిరామిక్‌కి, ఆ తర్వాత కంచుకి వెళ్ళారు. మీరు చెప్పే నిలకడా ఉంది, మారడమూ ఉంది. రెండో ఏడాది విద్యార్థిని ఇప్పుడే ఒకదానికి కట్టేయకండి.

పచ్చిపలక

అందరికీ థ్యాంక్స్. ముందు నిజం చెప్పాలి. గీసేటప్పుడు నాకు బొగ్గు పోతుందని తెలియదు. సబ్మిషన్‌లో రాసిన మాటలన్నీ బట్టీ తెరిచాక రాసుకున్నవే. గాడి గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు. స్కెచ్‌బుక్‌లో పలకల అంకెలు తప్ప ఏమీ లేవు. తీగచట్రం గారి ప్రశ్న చదివి చాలాసేపు ఏమీ తోచలేదు.

ఈసారి రాసుకుంటూ ఆరు పలకలు చేశాను. రెండు మెత్తగా ఉండగా, రెండు చెమ్మ తగ్గాక, రెండు పూర్తిగా ఆరాక గీశాను. ప్రతి జతలో ఒకదాని మీద మెత్తటి పెన్సిల్, ఇంకోదాని మీద గట్టిది. బొగ్గు పోతుందని తెలిసే కాల్చాను. మెత్తటి మట్టి మీద గీత అంచులు పైకి లేచి గరుకుగా మిగిలాయి. బాగా ఆరినవాటి మీద మెత్తటి పెన్సిల్ జాడే లేదు, గట్టి పెన్సిల్ మాత్రం వెంట్రుకంత గీరింది. చెమ్మ తగ్గాక గీసినవాటిలోనే చేతి బరువు బాగా తెలుస్తోంది. బొటనవేలి కుదురు దగ్గర నేను ఎప్పుడూ ఎక్కువ నొక్కుతానని నాకు ఇప్పుడే తెలిసింది.

ఇంకోటి కూడా చూశాను. చెమ్మగా ఉన్నప్పుడు ఒక పలక మీద నా చేతి గీత పొడవు 17.5 సెంటీమీటర్లు, కాల్చాక 16.4. అంటే దాదాపు 6 శాతం తగ్గింది. మట్టి ఆరి కాలితే కుంచించుకుపోతుందని నాకు తెలుసు, క్లాసులో చెప్పారు. కానీ నా చేతిని మళ్ళీ ఆ గీతలో పెట్టి చూస్తే వేళ్ళ కొనలు బయటికి వచ్చాయి. చిన్నప్పటి నా చేతిని చూసినట్టు అనిపించింది.

బట్టీపక్కన

ఇది ప్రయోగమేనమ్మా, ఏ సందేహం లేదు. కానీ ఒక లోటుంది. బొగ్గూ పెన్సిలూ ఏమీ లేకుండా, ఖాళీ సూదితో అదే చేతిని గీసిన పలక ఒకటి ఉండాలి. లేకపోతే పెన్సిల్ వల్ల వచ్చిన తేడా ఏమిటో, ఉత్త నొక్కుడు వల్ల వచ్చింది ఏమిటో మీరు చెప్పలేరు. ఇక మొదటి పన్నెండు పలకల మీద నా మాట మారలేదు. అవి తీసేసి ఈ ఆరు పెట్టండి.

బొగ్గుగీత

తీసేయొద్దు. ఆ పన్నెండు లేకపోతే ఈ ఆరు ఎక్కడివి? ఆ ఖాళీ పలకని వంచి వెలుతురులో చూడాలని తోచడమే ఈ పనికి మొదలు.

పచ్చిపలక

సూదితో గీసిన పలక నిన్న బట్టీ నుంచి వచ్చింది. సూది మట్టిని పెళ్ళగించి అంచున చిన్న చిన్న రజను లేపింది. పెన్సిల్ గాడి అడుగున నునుపుగా ఉంది, ఎందుకంటే దాని మొన మొద్దు, మట్టిని కోయకుండా అణిచింది. వేలితో తడిమితే రెండూ ఇట్టే తెలిసిపోతాయి.

మా పనులు చూసి తేల్చే తుది జ్యూరీకి రెండు వరుసలూ పెడుతున్నాను. పై వరుస కింద ‘తెలియక గీసినవి’ అని, కింది వరుసకి ‘తెలిసి గీసినవి’ అని చీటీ రాశాను. పలకల పక్కన ఇంతకుముందు పెట్టిన ఫోటోలు ఇప్పుడు పెట్టడం లేదు. చూసేవాళ్ళు చేత్తో తడమొచ్చని కూడా రాశాను.

బట్టీపక్కన

ఆ చీటీ ఉంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. తడమనిస్తున్నారు కాబట్టి ఆ రజను అంచులు ముందు సరిచేయండి, వేలికి గుచ్చుకుంటాయి. పొడిగా అరగదీయకండి, ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఇక బయటికి రాదు. నీళ్ళు తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి, బల్లని తడిగుడ్డతో తుడవండి.