సుగ్గి ఊళ్ళలో కిశోరీ మేళా ఇంటర్న్‌షిప్: ఆడపిల్లలు రాసిన చీటీలతో ఏం చేయాలి?

డిగ్రీ_విద్యార్థిని

అందరికీ నమస్తే. ఇంటర్న్‌షిప్ కోసం కర్నూలు జిల్లా పడమటి వైపు, కోసిగి చుట్టుపక్కల ఊళ్ళలో పనిచేసే ఒక సంస్థలో చేరాను. మొన్న ఆడపిల్లల కోసం హైస్కూల్లో మేళా పెట్టారు. ఎత్తు, బరువు చూడడం, రక్త పరీక్ష, చట్టాల స్టాల్, కరాటే, సైకిల్ పోటీ అన్నీ ఉన్నాయి, కానీ మధ్యాహ్నం దాకా వేదిక మీద ప్రసంగాలే నడిచాయి.

నాకు అప్పజెప్పింది చీటీల పెట్టె. పేరు రాయకుండా ఏదైనా అడగొచ్చన్నాం. పొద్దున ఒక్కరూ దగ్గరికి రాలేదు. పక్కనే రక్త పరీక్ష బల్ల దగ్గర ఒకాయన "నీకు హిమోగ్లోబిన్ ఎనిమిదే ఉంది" అని అందరికీ వినపడేలా అనేసరికి ఆ పిల్ల కార్డుని నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో దాచుకుంది, వెనక వరసలో సగం మంది మెల్లగా జారుకున్నారు. అది చూసి పెట్టెని తీసుకెళ్ళి మరుగుదొడ్లకు పోయే దారిలో, పెద్దవాళ్ళెవరికీ కనపడని మూల పెట్టాను. సాయంత్రానికి నిండిపోయింది.

ఎక్కువ నెలసరి గురించే. "బట్ట వాడితే పిల్లలు పుట్టరంట, నిజమా?" అని చాలామంది అడిగారు. ఒకదాంట్లో "పెళ్ళయ్యాక పది పరీక్ష రాయనిస్తారా?" అని ఉంది. ఇంకోదాంట్లో "అమ్మానాన్న సుగ్గికి పోయేలోపు నాకు పెళ్ళి చేసేస్తారంట, ఎవరికి చెప్పాలి?" అని. (తెలియనివాళ్ళకి: సుగ్గి అంటే ఇక్కడ మిరప కోతలకి గుంటూరు వైపు కుటుంబాలకు కుటుంబాలే వలస పోవడం.)

రిపోర్టులో ఎన్ని చీటీలు వచ్చాయో రాస్తే చాలంటున్నారు సంస్థవాళ్ళు. నాకు మనసొప్పడం లేదు. చేతిరాత పట్టుకుని ఆ అమ్మాయి ఎవరో కనుక్కోవాలా?

ఎమ్మెస్‌డబ్ల్యూ_సీనియర్

వద్దమ్మా, వెతకొద్దు. పేరు అడగబోమని మాటిచ్చి చేతిరాత పట్టి వెళితే ఆ విషయం ఊళ్ళో గంటలో తెలిసిపోతుంది, ఆ పిల్లని ఇంట్లోంచి బయటికి రానివ్వరు. ప్రశ్నలన్నీ కలిపేసి, ఏ ఊరిదో తెలియకుండా, ప్రతి ఊళ్ళో ఆడపిల్లల్ని కూర్చోబెట్టి వాటికి జవాబు చెప్పు. ఆ అమ్మాయి ఎక్కడున్నా తన జవాబు తను వింటుంది.

ఏం చెప్పాలంటే: పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే చేసినవాళ్ళ పేరు బయటపెట్టరు. స్నేహితురాలైనా చేయొచ్చు. అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌కి, ఆమె పైన ఉండే సీడీపీఓకి (శిశు అభివృద్ధి అధికారికి) చెప్పినా కదులుతారు. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం పెళ్ళి జరక్కముందే మేజిస్ట్రేట్ ఆపమని ఉత్తర్వు ఇవ్వగలరు, ఆ ఉత్తర్వు కాదని చేస్తే ఆ పెళ్ళి చెల్లదు. ఒకవేళ పెళ్ళి అయిపోయినా, మైనర్‌గా పెళ్ళయిన అమ్మాయి తనకి 20 నిండేలోపు రద్దు కోరొచ్చు. ఈ చివరి మాట చాలామందికి తెలియదు, తప్పకుండా చెప్పు.

అంగన్‌వాడీ_టీచర్

రక్తం సంగతి నేను చెబుతా తల్లీ. ఈ వయసు పిల్లలకి 12 ఉండాలి, ఎనిమిదంటే తక్కువే, ఆసుపత్రిలో చూపించాల్సిందే. కానీ నంబర్ గట్టిగా అరిస్తే వచ్చే ఏడు ఎవరూ వేలు చాపరు. వారానికో నీలం ఐరన్ మాత్ర ఇస్తాం కదా, పరగడుపున మింగి కడుపులో తిప్పుతోందని చాలామంది పారేస్తారు. అన్నం తిన్నాక వేసుకోమని, వెంటనే టీ తాగొద్దని చెప్పండి. బట్ట సంగతికొస్తే, సబ్బుతో ఉతికి ఎండలో ఆరేసిన బట్టతో ఏ నష్టమూ లేదు, చాలామంది సిగ్గుపడి చీకటి మూలలో ఆరేస్తారు, ఇబ్బంది అక్కడే.

ఇంకో మాట. తల్లిదండ్రుల్ని తిట్టే ప్రసంగాలతో పని జరగదు. ఎదిగిన పిల్లని ఒక్కదాన్నే ఇంట్లో వదిలి నెలల తరబడి పోవడానికి వాళ్ళకి భయం, వెంట తీసుకెళితే చేలో గుడారంలో ఉండాలి. అందుకే పెళ్ళి చేసి పంపేస్తే బాధ్యత తీరుతుందనుకుంటారు. కస్తూర్బా ఆడపిల్లల హాస్టల్ బడిలో సీటో, వలస పోయినవాళ్ళ పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టలో చూపిస్తే సగం మంది ఆగుతారు, మా ఊళ్ళో ఆగారు. మేళాకి తల్లుల్ని పిలవండి, అది కూడా సుగ్గి నుంచి వాళ్ళు తిరిగొచ్చాక పెట్టండి.

పడమటి_పిల్ల

పది పరీక్ష అడిగిన చెల్లికి నా మాటగా చెప్పండి. నాకు పదహారేళ్ళకే చేశారు. పాప పుట్టాక ఓపెన్ స్కూల్లో పది రాశాను, ఇప్పుడు ఇంటర్ చదువుతున్నా. పెళ్ళయిందని పరీక్ష రాయనివ్వకూడదనే రూల్ ఎక్కడా లేదు. పధ్నాలుగేళ్ళు నిండితే ఓపెన్‌లో పదికి కట్టొచ్చు. నాకు ఈ సంగతి చెప్పినవాళ్ళు లేక మూడేళ్ళు ఊరికే పోయాయి.

డిగ్రీ_విద్యార్థిని

అక్కా, మీ మాట అన్ని ఊళ్ళలో చదివి వినిపిస్తాను, పేరు లేకుండానే. చీటీలు కలిపేసి జాబితా రాసుకున్నాను, అసలు కాగితాలు చించేశాను. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రాలో 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయిందని ఉంది, రిపోర్టులో ఆ అంకె కింద ఈ ప్రశ్నలన్నీ యథాతథంగా పెడుతున్నా. రేపటి నుంచే ఊళ్ళు తిరగాలి, సూపర్‌వైజర్ మేడమ్ కూడా వస్తానన్నారు. ఓపెన్ స్కూల్ అడ్మిషన్ కోసం ఎవర్ని కలవాలి?

ఎమ్మెస్‌డబ్ల్యూ_సీనియర్

చాలా చోట్ల హైస్కూళ్ళే స్టడీ సెంటర్లు. హెడ్‌మాస్టర్‌ని అడుగు, ఆధార్, పుట్టిన తేదీ కాగితం పట్టుకెళ్ళమను. ఊళ్ళో మాట్లాడేటప్పుడు మగపిల్లల్ని, టీచర్లని కాసేపు బయట ఉండమను.